పీవీ నరసింహారావు: కొందరికి తెలుగు బిడ్డ, కొందరికి డిసెంబరు 6

మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా ఉన్న పొడవాటి ఫ్లైఓవర్ పేరు పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే. 2009 అక్టోబరులో తెరిచారు. పొడవు 11 కిలోమీటర్ల పైమాటే. ఉమ్రాకు, హజ్‌కు వెళ్లే వాళ్లను శంషాబాద్‌లో సాగనంపడానికి మన కుటుంబాలు ఎక్కువగా వెళ్లేది దీని మీదుగానే. అత్తాపూర్ వైపు ఇంటి అడ్రసు చెప్పాలన్నా, ఫంక్షన్ హాలు గుర్తు చెప్పాలన్నా 'ఫలానా పిల్లర్ నంబరు దగ్గర' అంటాం. ఆ పిల్లర్లు ఈ ఫ్లైఓవర్‌వే. అలా ఆయన పేరు రోజూ మన నోట్లో నానుతూనే ఉంటుంది.

అదే పేరు డిసెంబరు 6 వచ్చిందంటే మన ఇళ్లలో ఇంకో గొంతుతో వినిపిస్తుంది. బాబరీ మస్జిద్‌ను కూలుస్తుంటే చేతులు కట్టుకుని కూర్చున్న ప్రధాని అని పెద్దలు చెబుతారు. స్కూల్లోనూ టీవీలోనూ పిల్లలు వినేది వేరు. దేశాన్ని దివాలా నుంచి బయటపడేసిన మేధావి, ఢిల్లీ పీఠమెక్కిన తొలి తెలుగువాడు, తెలంగాణ గర్వకారణం. పిల్లలు రెండూ విని 'మరి ఏది నిజం?' అని అడుగుతారు. 2024 ఫిబ్రవరి 9న ఆయనకు భారతరత్న ప్రకటించినప్పుడు ఈ ప్రశ్న చాలా ఇళ్లలో మళ్లీ లేచింది. అప్పటికి అయోధ్యలో రామమందిర ప్రాణప్రతిష్ఠ జరిగి మూడు వారాలు కాలేదు. దానికి ఆరు రోజుల ముందే రథయాత్ర నడిపిన ఎల్‌కే అద్వానీకీ భారతరత్న ప్రకటించారు. మస్జిద్‌ను కాపాడతానని మాట ఇచ్చిన ప్రధాని, అక్కడ మందిరం కోసం ఉద్యమం నడిపిన నాయకుడు ఒకే ఏడాది ఒకే జాబితాలో చేరారు.

ఆయనను పొగిడేవాళ్లు ఏం చూసి పొగుడుతున్నారు, తప్పుపట్టేవాళ్లు దేనికి తప్పుపడుతున్నారు, రికార్డులో ఉన్నది ఎంత అన్నది ఒకచోట చెప్పడం కోసమే ఈ వ్యాసం.

వంగర నుంచి ఢిల్లీకి

పాములపర్తి వేంకట నరసింహారావు 1921 జూన్ 28న వరంగల్ జిల్లా లక్నేపల్లిలో పుట్టారు. పెరిగింది దత్తత వెళ్లిన వంగరలో. ఇప్పుడది హనుమకొండ జిల్లాలో ఉంది, అప్పుడు కరీంనగర్ జిల్లా. నిజాం కాలం కాబట్టి చదువులోనూ కచేరీలోనూ ఉర్దూయే నడిచేది. ఆయన ఉర్దూ బాగా మాట్లాడేవారని ఆయన్ని తప్పుపట్టేవాళ్లూ ఒప్పుకుంటారు. ఉస్మానియాలో వందేమాతరం ఉద్యమంలో పాల్గొని చదువు పోగొట్టుకుని, మహారాష్ట్ర వైపు వెళ్లి డిగ్రీ, లా పూర్తి చేశారు. విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు' నవలను హిందీలోకి 'సహస్రఫణ్' పేరుతో అనువదించింది ఆయనే.

1957 నుంచి మంథని ఎమ్మెల్యే. 1971 సెప్టెంబరులో ముఖ్యమంత్రి అయ్యారు. భూసంస్కరణలకు పూనుకోవడంతో పెద్ద భూస్వాములకు కంటగింపయ్యారు. 1972లో ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు రావడం, దాంతో జై ఆంధ్ర ఉద్యమం ఎగసిపడటం, 1973 జనవరిలో ఆయన పదవి పోయి రాష్ట్రపతి పాలన రావడం చకచకా జరిగాయి. ఆయన హయాంలోనే 1971లో సర్వేలులో మొదటి గురుకుల పాఠశాల మొదలైంది. తర్వాత కేంద్రంలో మానవ వనరుల మంత్రిగా ఉన్నప్పుడు నవోదయ విద్యాలయాలు వచ్చాయి. ఇవాళ తెలంగాణ మైనారిటీ గురుకులాల్లో మన ఆడపిల్లలు ఉండి చదువుకుంటున్న పద్ధతికి మూలం ఆ సర్వేలు బడి దగ్గరే ఉంది. ఈ మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది.

ఢిల్లీలో విదేశాంగం, హోం, రక్షణ శాఖలన్నీ చూశారు. 1984 అక్టోబరు 31న ఇందిరా గాంధీ హత్య జరిగి ఢిల్లీలో సిక్కుల ఊచకోత సాగిన రోజుల్లో హోం మంత్రి ఆయనే. అప్పుడు సైన్యాన్ని త్వరగా పిలవాలని ఐకే గుజ్రాల్ ఆయనకు సలహా ఇచ్చారని, ఆ సలహా విని ఉంటే ఆ మారణకాండను ఆపగలిగేవారని 2019లో మన్మోహన్ సింగ్ బహిరంగ సభలో అన్నారు. పీవీ కుటుంబం దాన్ని ఖండించింది. పీవీనే ఆర్థిక మంత్రిని చేసి నిలబెట్టిన మనిషి నోట ఆ మాట రావడంతో అప్పట్లో చాలామంది ఉలిక్కిపడ్డారు. ఎనిమిదేళ్ల తర్వాత అయోధ్య విషయంలోనూ ఇదే ప్రశ్న లేచింది కాబట్టి ఈ సంగతి ఇక్కడ గుర్తు చేయాల్సి వచ్చింది.

1991: బంగారం, బడ్జెట్, నంద్యాల

1991లో ఆయన లోక్‌సభకు పోటీ కూడా చేయలేదు. మూటాముల్లె సర్దుకుని హైదరాబాద్ వచ్చేద్దామనుకుంటున్న సమయంలో మే 21న రాజీవ్ గాంధీ హత్య జరిగింది. జూన్ 21న పీవీ ప్రధాని అయ్యారు, అదీ సభలో మెజారిటీ లేని ప్రభుత్వంతో. ఖజానాలో విదేశీ మారకద్రవ్యం కొద్ది వారాల దిగుమతులకు కూడా చాలదు. జులై మొదటి మూడు రోజుల్లో రూపాయి విలువను రెండుసార్లు తగ్గించారు. రిజర్వు బ్యాంకు సుమారు 47 టన్నుల బంగారాన్ని విదేశాల్లో తాకట్టు పెట్టింది. జులై 24న మన్మోహన్ సింగ్ బడ్జెట్ వచ్చింది, అదే రోజు కొత్త పారిశ్రామిక విధానం కూడా. పరిశ్రమల శాఖ పీవీ చేతిలోనే ఉండేది.

ఈ మార్పు మన వాళ్లకు దూరపు సంగతేమీ కాదు. 1990లో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగినప్పుడు హైదరాబాద్ నుంచి, కడప వైపు నుంచి వెళ్లినవాళ్లు ఎంతోమంది కట్టుబట్టలతో తిరిగొచ్చారు. యుద్ధం ముగిశాక మళ్లీ వెళ్లినవాళ్లు పంపిన దీనార్‌కు, రియాల్‌కు రూపాయల్లో ఎక్కువ వచ్చింది. 1992 నుంచి గల్ఫ్‌లో పనిచేసి వచ్చేవాళ్లు సుంకం కట్టి బంగారం బహిరంగంగా తెచ్చుకునే వీలూ కలిగింది. ఇంకోపక్క సరుకుల ధరలు పెరిగాయి, ఎరువుల మీద సబ్సిడీ తగ్గింది, మగ్గాల మీద బతికేవాళ్లు నలిగారు. సంస్కరణలు మంచివా చెడ్డవా అంటే ఏ ఇంట్లో అడుగుతున్నామన్న దాన్ని బట్టి జవాబు మారుతుంది.

ప్రధాని అయ్యాక లోక్‌సభకు ఎన్నిక కావాలి కాబట్టి 1991 నవంబరులో నంద్యాల నుంచి పోటీ చేశారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీ రామారావు తన పార్టీ అభ్యర్థిని నిలబెట్టలేదు. బీజేపీ మాత్రం బంగారు లక్ష్మణ్‌ను నిలబెట్టింది. పీవీ 5 లక్షల 80 వేలకు పైగా ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. నంద్యాల, ఆళ్లగడ్డ, నందికొట్కూరు వైపు ముస్లిం ఓటు ఎంత బలమైందో ఆ ప్రాంతం వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ ఓట్లలో మన వాళ్లవీ పెద్ద సంఖ్యలో ఉన్నాయి. మా ప్రధాని అని వేసిన ఓట్లవి. ఏడాది దాటిన కొద్ది రోజులకే జరిగిన దాన్ని అందుకే ఆ తరం మామూలు రాజకీయ వైఫల్యంగా చూడలేదు, నమ్మకద్రోహంగా తీసుకుంది.

డిసెంబరు 6కు ముందు ఆయన ఏం చేశారు

బాబరీ కథ పీవీతో మొదలవలేదు. 1949 డిసెంబరు 22 రాత్రి మస్జిద్ లోపల విగ్రహాలు పెట్టారు. అప్పుడు ఢిల్లీలో నెహ్రూ, లక్నోలో గోవింద వల్లభ్ పంత్. 1986 ఫిబ్రవరి 1న తాళాలు తెరిచారు, 1989 నవంబరు 9న శిలాన్యాసం జరిగింది. ఆ రెండుసార్లూ రాజీవ్ గాంధీ ప్రధాని. తప్పంతా పీవీ ఒక్కడి నెత్తిన వేయడం ఆయన సొంత పార్టీకి తర్వాత బాగా అనుకూలించింది. రాజకీయాల్లో తమ కుటుంబం వాళ్లు ఉండి ఉంటే మస్జిద్ కూలేది కాదని 2007లో యూపీ ప్రచారంలో రాహుల్ గాంధీ అన్నారు. 1986 నాటి తాళం సంగతి తెలిసినవాళ్లకు ఆ మాట మింగుడు పడదు.

1992 జులైలో అయోధ్యలో కరసేవ మొదలైతే పీవీ సాధువులను పిలిపించి మాట్లాడి, కొన్ని నెలల గడువు తీసుకుని ఆపించారు. ఆ గడువులో విశ్వ హిందూ పరిషత్, బాబరీ మస్జిద్ యాక్షన్ కమిటీల మధ్య చర్చలు నడిచాయి. చర్చలు తెగకముందే డిసెంబరు 6న కరసేవ అని వీహెచ్‌పీ ప్రకటించింది. మస్జిద్ పక్కన 2.77 ఎకరాలను యూపీ ప్రభుత్వం స్వాధీనం చేసుకోవడం చెల్లుతుందా లేదా అన్న కేసులో అలహాబాద్ హైకోర్టు తీర్పును వాయిదా వేసి ఉంచింది. డిసెంబరు 6కు ముందు వస్తుందని అందరూ ఎదురుచూసిన తీర్పు డిసెంబరు 11న వచ్చింది. స్వాధీనం చెల్లదని. అప్పటికి కాపాడడానికి ఏమీ మిగల్లేదు.

కళ్యాణ్ సింగ్ ప్రభుత్వం కట్టడానికి ఏ హానీ జరగనివ్వమని సుప్రీంకోర్టుకు రాతపూర్వకంగా హామీ ఇచ్చింది. దాన్ని నమ్మి కోర్టు నవంబరు 28న లాంఛనంగా కరసేవకు ఒప్పుకుని, ఒక జిల్లా జడ్జిని పరిశీలకుడిగా పంపింది. కేంద్రం సుమారు 20 వేల మంది పారామిలిటరీ జవాన్లను అయోధ్య చుట్టుపక్కల ఉంచింది. కానీ వాళ్లను వాడుకోవాల్సింది రాష్ట్ర ప్రభుత్వం, అది వాడుకోదు.

పీవీ తరఫు వాదనకు బలం ఇక్కడే. శాంతిభద్రతలు రాష్ట్రం చేతిలో ఉన్నాయి, సుప్రీంకోర్టు హామీ తీసుకుంది, ఏమీ జరగకముందే ఎన్నికైన ప్రభుత్వాన్ని 356వ అధికరణంతో ఎలా రద్దు చేయాలి? పైగా డిసెంబరు 1న యూపీ గవర్నరు కేంద్రానికి రాసిన లేఖలో రాష్ట్రపతి పాలనకు ఇది సమయం కాదన్నారు. ఆ గవర్నరు బి. సత్యనారాయణ రెడ్డి. లేఖ రాసిన ఆయనా, దాన్ని ఆధారంగా చూపిన ప్రధానీ ఇద్దరూ తెలంగాణవాళ్లే కావడం విధి విచిత్రం. పీవీ చనిపోయాక 2006లో వచ్చిన ఆయన పుస్తకం అయోధ్య మీదే. రాజ్యాంగం తన చేతులు కట్టేసిందన్నదే అందులో ఆయన ప్రధాన వాదన. 2016లో వినయ్ సీతాపతి రాసిన జీవిత చరిత్ర కూడా, ఆయన హిందుత్వవాదులతో కుమ్మక్కు కాలేదని, లెక్క తప్పి మోసపోయారని చెబుతుంది.

ఎదుటి వాదన అప్పటి కేంద్ర హోం కార్యదర్శి మాధవ్ గోడ్‌బోలే నుంచి వచ్చింది. మస్జిద్‌ను ముందే కేంద్ర బలగాల ఆధీనంలోకి తీసుకునే పథకాన్ని తమ శాఖ తయారు చేసి పెట్టిందని, దానికి రాజకీయ అనుమతి రాలేదని ఆయన తన జ్ఞాపకాల్లో రాశారు. ఆయన 1993లో ఉద్యోగం వదిలేశారు. కేబినెట్‌లోని అర్జున్ సింగ్ కూడా తర్వాత తన ఆత్మకథలో పీవీని తప్పుపట్టారు. అయితే ఆయన ఆ రోజే రాజీనామా చేయలేదు, 1995లో వేరే పార్టీ పెట్టుకున్నారు. లిబర్హాన్ కమిషన్ 1992 డిసెంబరు 16న ఏర్పడి, 48 సార్లు గడువు పొడిగించుకుని, 2009 జూన్ 30న నివేదిక ఇచ్చింది. బాధ్యులుగా పేర్కొన్న 68 మందిలో పీవీ పేరు లేదు.

గుంబదులు కూలాక

డిసెంబరు 6 ఆదివారం. మధ్యాహ్నం వేళకే కరసేవకులు గుంబదుల మీదికి ఎక్కారు. సాయంత్రం 5 గంటల లోపు మూడూ కూలిపోయాయి. ఫైజాబాద్ నుంచి బయలుదేరిన కేంద్ర బలగాలను దారిలో సాకేత్ డిగ్రీ కాలేజీ దగ్గర అడ్డంకులు చూపించి మేజిస్ట్రేటు వెనక్కి పంపారు. సాయంత్రం కళ్యాణ్ సింగ్ రాజీనామా చేశారు, రాత్రికి రాష్ట్రపతి పాలన వచ్చింది. ఇక్కడి నుంచి 'రాష్ట్రం చేతిలో ఉంది' అన్న మాట పనికిరాదు. పాలన కేంద్రానిదే. అయినా కరసేవకులను అక్కడి నుంచి ఖాళీ చేయించింది డిసెంబరు 8 తెల్లవారుజామున. ఈ మధ్యలో శిథిలాల మీద తాత్కాలిక గుడి లేచింది, విగ్రహాలు మళ్లీ పెట్టారు. ఆ గుడే 2019 తీర్పు దాకా అక్కడ నిలిచింది.

డిసెంబరు 6 మధ్యాహ్నం వరకు పీవీ చేసిన దాని మీద వాదించుకోవచ్చు. చట్టం తెలిసినవాళ్లు రెండువైపులా ఉన్నారు. ఆ రాత్రి నుంచి ఎనిమిదో తేదీ తెల్లవారే దాకా జరిగినదానికి మాత్రం ఆయన పక్షాన వినదగ్గ జవాబు నాకు ఎక్కడా దొరకలేదు. కూల్చివేత జరుగుతున్నంతసేపూ ఆయన పూజలో కూర్చున్నారని కుల్‌దీప్ నయ్యర్ 2012లో రాసిన మాట మన సభల్లో చాలాసార్లు వినిపిస్తుంది. కుటుంబ సభ్యులు, ఆ రోజు ఆయన దగ్గర ఉన్నవాళ్లు దాన్ని కాదన్నారు. పూజ కథ నిజమైనా కాకపోయినా పెద్ద తేడా లేదు. ఆ రెండు రాత్రుల లెక్క దాంతో తేలదు.

ఇంకోటి, ఆయన ఇచ్చిన మాట. మస్జిద్‌ను మళ్లీ కట్టిస్తామని కూల్చివేత జరిగిన వెంటనే దేశానికి మాట ఇచ్చారు. నెల తిరిగేసరికి అది మారింది. 1993 జనవరిలో ఆర్డినెన్సు తెచ్చి, తర్వాత చట్టం చేసి, అక్కడి 67 ఎకరాలకు పైగా భూమిని కేంద్రం తీసుకుంది. గుడీ మస్జిదూ రెండూ కట్టిస్తామన్నారు. అక్కడ ముందు గుడి ఉండేదా చెప్పమని రాష్ట్రపతి ద్వారా సుప్రీంకోర్టును అడిగారు. 1994 అక్టోబరు 24న కోర్టు ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఒప్పుకోలేదు. భూసేకరణను మాత్రం చాలావరకు సమర్థించింది. ఆ తీర్పులోనే, ఇస్లాంలో మస్జిద్ విడదీయరాని భాగం కాదు, నమాజు ఎక్కడైనా చేసుకోవచ్చు అనే వ్యాఖ్య ఉంది. ఐదుగురిలో ఇద్దరు జడ్జీలు, ఏఎం అహ్మదీ, ఎస్‌పీ భరూచా, తీర్పుతో విభేదించారు. ఆ వ్యాఖ్యను పెద్ద ధర్మాసనం తిరిగి చూడాలని 2018లో అడిగితే 2–1తో కాదన్నారు. చూడాలి అన్న ఒక్కరు జస్టిస్ ఎస్. అబ్దుల్ నజీర్, తర్వాత 2023లో ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా వచ్చినవారు. 2019 నవంబరు 9 తీర్పు కూల్చివేత చట్టవిరుద్ధమంది, స్థలం మందిరానికి ఇచ్చింది, వేరే చోట 5 ఎకరాలు సున్నీ వక్ఫ్ బోర్డుకు ఇమ్మంది. 2020 సెప్టెంబరు 30న సీబీఐ కోర్టు 32 మంది నిందితులనూ వదిలేసింది. కళ్యాణ్ సింగ్‌కు పడిన శిక్ష, కోర్టు ధిక్కారానికి, ఒక్క రోజు జైలు, 2 వేల రూపాయల జరిమానా.

కూల్చివేత తర్వాత డిసెంబరు 10న పీవీ ప్రభుత్వం ఆరెస్సెస్, వీహెచ్‌పీ, బజరంగ్ దళ్‌లను నిషేధించింది. వాటితోపాటే, తూకం సరిపోవాలన్నట్టు, జమాఅతె ఇస్లామీ హింద్‌ను, ఇస్లామిక్ సేవక్ సంఘ్‌ను కూడా. మస్జిద్ పోయింది మనది, నిషేధం కూడా మన మీదేనా అన్న మాట ఆనాడు జమాఅత్ వాళ్లే కాదు, దానితో సంబంధం లేనివాళ్లూ అన్నారు. ఆరెస్సెస్ మీద నిషేధం కొన్ని నెలలకే ట్రిబ్యునల్‌లో ఎగిరిపోయింది. జమాఅత్ తన నిషేధాన్ని కొట్టేయించుకోవడానికి 1994 డిసెంబరు దాకా సుప్రీంకోర్టులో పోరాడాల్సి వచ్చింది. ఇక ముంబయిలో డిసెంబరులో, మళ్లీ 1993 జనవరిలో చెలరేగిన అల్లర్లలో 900 మంది దాకా చనిపోయారని శ్రీకృష్ణ కమిషన్ తేల్చింది. వాళ్లలో ఎక్కువమంది ముస్లింలు. రాష్ట్రంలోనూ కేంద్రంలోనూ ప్రభుత్వం కాంగ్రెస్‌దే.

అదే ప్రభుత్వం చేసిన చట్టాలు

ఈ భాగాన్ని మన సభల్లో తక్కువ మంది చెబుతారు. 1991 సెప్టెంబరులో పార్లమెంటు ప్రార్థనా స్థలాల చట్టం చేసింది. 1947 ఆగస్టు 15 నాటికి ఏ ప్రార్థనా స్థలం ఏ మతానిదో అలాగే ఉండాలి, మార్చకూడదు. బాబరీ వివాదాన్ని మాత్రం మినహాయించారు. హోం మంత్రి ఎస్‌బీ చవాన్ ఆ బిల్లు తెస్తే బీజేపీ గట్టిగా వ్యతిరేకించింది. ఇవాళ కాశీ జ్ఞానవాపి అయినా, మథుర ఈద్గా అయినా, సంభల్ జామా మస్జిద్ అయినా మన లాయర్లు కోర్టులో మొదట పట్టుకునేది ఈ చట్టాన్నే. అది పీవీ ప్రభుత్వం చేసిన చట్టం.

1992లో మైనారిటీల కమిషన్‌కు చట్టబద్ధత వచ్చింది. మండల్ సిఫారసుల కింద కేంద్ర ఉద్యోగాల్లో ఓబీసీల 27 శాతం 1993లో అమల్లోకి వచ్చింది, అందులో వెనుకబడిన ముస్లిం కులాలూ ఉన్నాయి. 1994లో జాతీయ మైనారిటీల అభివృద్ధి, ఆర్థిక సంస్థ ఏర్పడింది. 1995లో వక్ఫ్ చట్టం వచ్చింది. 2025లో ఢిల్లీ ప్రభుత్వం సవరించింది, మన వాళ్లు వీధుల్లోకి వచ్చింది ఈ చట్టం గురించే. టాడాను ముస్లింల మీద విచ్చలవిడిగా వాడారన్న ఫిర్యాదులు దేశమంతటా వచ్చాక, 1995 మేలో దాన్ని పొడిగించకుండా వదిలేశారు. అంతకుముందు దాన్ని అన్నేళ్లు వాడిందీ ఇదే ప్రభుత్వమని కూడా చెప్పుకోవాలి. 1993లో హజ్రత్‌బల్ దర్గాలో మిలిటెంట్లు చేరినప్పుడు సైన్యాన్ని లోపలికి పంపకుండా, వారాల తరబడి మాట్లాడి బయటికి రప్పించారు. ఓపికతో కూర్చోవడం ఆయన పద్ధతి. శ్రీనగర్‌లో అది దర్గాను కాపాడింది. అయోధ్యలో అదే ఓపిక మస్జిద్‌కు చేటయింది.

చట్టాలు చేశారు కదా, డిసెంబరు 6 లెక్క మాఫీ అయిపోయిందా అంటే, కాలేదు. కానీ పీవీ అంటే సంఘ్ మనిషి, అంతే అనేవాళ్లు 1991 చట్టానికి ఏం జవాబు చెబుతారో కూడా అడగాలి. రహస్యంగా అటువైపు మనిషైతే, కాశీకీ మథురకూ అడ్డుగోడ కట్టే చట్టాన్ని వచ్చిన మూడు నెలలకే ఎందుకు తెస్తాడు? కుట్రదారు అనడం కంటే, సమయానికి చేయి కదపని ప్రధాని అనడమే రికార్డుకు దగ్గరగా ఉంటుంది. అది చిన్న ఆరోపణేమీ కాదు.

ఓట్లలో, పార్టీల్లో

మన రాష్ట్రంలో దాని ప్రభావం వెంటనే కనిపించింది. బాబరీ విషయంలో కాంగ్రెస్‌ను గట్టిగా నిలదీయలేదన్న ఆరోపణ మజ్లిస్ నాయకత్వం మీద వచ్చి, 1993లో అమానుల్లా ఖాన్ నాయకత్వంలో మజ్లిస్ బచావో తహ్రీక్ విడిపోయింది. 1994 అసెంబ్లీ ఎన్నికల్లో పాతబస్తీలో తహ్రీక్‌కు రెండు సీట్లు, మజ్లిస్‌కు ఒక్కటి వచ్చాయి. రాష్ట్రంలో కాంగ్రెస్ 26 సీట్లకు పడిపోయింది. దానికి కారణాలు చాలా ఉన్నాయి, రెండు రూపాయల కిలో బియ్యం నుంచి మద్యనిషేధం దాకా. ముస్లింల కోపం వాటిలో ఒకటి. యూపీలో అయితే ముస్లిం ఓటు కాంగ్రెస్‌ను వదిలి సమాజ్‌వాదీ, బీఎస్పీల వైపు పోయింది, మళ్లీ పూర్తిగా రాలేదు. 1996లో కాంగ్రెస్ 140 సీట్ల దగ్గర ఆగింది. విచిత్రమేమంటే ఆ ఎన్నికల్లోనూ నంద్యాల పీవీని గెలిపించింది, కాకపోతే ఆధిక్యం ఎంతో తగ్గింది. ఒడిశాలోని బరంపురం సీటు కూడా గెలిచి, దాన్నే ఉంచుకుని నంద్యాలను వదిలేశారు.

2004 డిసెంబరు 23న ఢిల్లీలో చనిపోయారు. పార్థివ దేహాన్ని కాంగ్రెస్ ఆఫీసు గేటు లోపలికి కూడా తీసుకెళ్లనివ్వలేదు. అంత్యక్రియలు హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగాయి. ఆ అవమానమే తెలుగువాళ్లలో చాలామందికి ఆయన మీద కొత్త అభిమానం పుట్టించింది. 2014 తర్వాత తెలంగాణ ప్రభుత్వం ఆయన జయంతిని అధికారికంగా జరపడం మొదలుపెట్టింది, శతజయంతి ఏడాది పొడవునా చేసింది, నెక్లెస్ రోడ్డుకు ఆయన పేరు పెట్టింది. 2020 సెప్టెంబరు 8న భారతరత్న ఇవ్వాలని అసెంబ్లీ తీర్మానం చేస్తే, టీఆర్‌ఎస్‌కు మిత్రపక్షంగానే ఉన్న మజ్లిస్ ఆ రోజు సభకు రాలేదు. అప్పుడు నంద్యాలలో ఆయనపై అభ్యర్థిని నిలబెట్టిన బీజేపీ, ఇప్పుడు కాంగ్రెస్ ఆయనను అవమానించిందని గుర్తు చేస్తూ ఉంటుంది. 2024 మార్చి 30న రాష్ట్రపతి భవన్‌లో ఆయన కుమారుడు భారతరత్న అందుకున్నారు.

మన మధ్య కూడా ఈ విషయంలో ఒక్క మాట లేదు. 1992లో కర్ఫ్యూలో తలుపులు వేసుకుని రేడియో విన్నవాళ్లు ఆయన పేరెత్తితేనే లేచిపోతారు. ఐటీలోనో గల్ఫ్‌లోనో ఉద్యోగం చేస్తున్న నలభై ఏళ్లవాళ్లు కొందరు, అది ఘోరమే, కానీ ఆర్థికంగా ఆయన తెరిచిన తలుపులోంచే మేమూ వచ్చాం అంటారు. అంతకంటే చిన్నవాళ్లకు బాబరీ ఒక తీర్పు, ఒక వార్త, వాళ్లను ఎక్కువగా కలవరపెట్టేది సర్వే ఆర్డర్లు, బుల్డోజర్లు. వాళ్ల ప్రశ్నకు సంబంధించిన పీవీ, అయోధ్యలో కాదు, 1991 చట్టంలో ఉన్నాడు.

ఆ చట్టం రాజ్యాంగబద్ధమేనా అన్న కేసు సుప్రీంకోర్టు ముందుంది. 2024 నవంబరులో సంభల్‌లో సర్వే సందర్భంగా ప్రాణాలు పోయాక, డిసెంబరు 12న కోర్టు ఒక మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ప్రార్థనా స్థలాల మీద కొత్త కేసులు నమోదు చేయకూడదు, నడుస్తున్న కేసుల్లో సర్వేకు గానీ తుది తీర్పుగా గానీ కింది కోర్టులు ఏ ఉత్తర్వూ ఇవ్వకూడదు అని.